గెడ్డ ఒడ్డున ఆసుల జత

దేవేంద్ర మోటార్‌సైకిల్ ముందు చక్రాన్ని నీళ్లలోకి దించాడు.

"ఎల్లకు బాబూ! కాజ్‌వే కనబడతన్నాదా నీకు?" టీ కొట్టులోంచి దానమ్మ అరిచింది.

కనబడటం లేదు. రాజాం రోడ్డుకి అడ్డంగా గెడ్డ, కాజ్‌వేని ముంచేసి, ఎర్రగా పొంగి పారుతోంది. అవతలి ఒడ్డు మాత్రం రాయి విసిరితే తగిలేంత దగ్గరలో ఉంది.

"మోకాలి లోతే పిన్నీ. సముద్రం మీద పెరిగినోడికి గెడ్డొక లెక్కా?"

మధ్యాహ్నం రాజాంలో కానిస్టేబుల్ పరీక్ష. నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇది తప్పితే తండ్రిలాగే గుజరాత్ పోయి చేపల బోటెక్కాలి.

వెనక్కి పోయి వేరే దారి పడదామంటే, అటు చెట్టు కూలి రోడ్డు మూసుకుపోయింది.

"ఒక ఆట ఆడి పో, బాబూ."

తలతిప్పి చూశాడు. కొట్టు బల్ల మీద ఒక బక్కపలచని పెద్దాయన పేక కలుపుతున్నాడు. ఎదురుగా గంగులు అనే రైతు వంకాయల బుట్టకి చేరబడి ఉన్నాడు.

"నాకు పరీక్షుంది."

"ఉంటే ఉన్నాది. వాన తెరిపిచ్చీదాకా కూకో. టీ డబ్బులు గెలుసుకో."

గెడ్డ గురించి ఒక్క మాటా అనలేదు ఆయన.

వాన ఒక్కసారిగా జోరందుకుంది. దేవేంద్ర విసుక్కుంటూ బండిని చూరు కిందకి తోసి వచ్చాడు.

"ఏటాట?"

"ఒక ముక్క మూసి, నాలుగు తెరిసి. ముక్క పడినప్పుడల్లా పందెం. అగ్గిపుల్ల రూపాయి."

తండ్రి బోటు మీద నేర్చుకుని వచ్చి తనకి నేర్పిన ఆటే. మొదటిసారి దేవేంద్రే గెలిచాడు. రెండోసారీ గెలిచాడు.

"ఇంక పోతాను."

"గెలిసినోడు లేసిపోతే ఏటి మర్యాద?" గంగులు నవ్వాడు. "కూకో అల్లుడూ!"

మూడో ఆట. మూసిన ముక్క అంచు ఎత్తి చూశాడు. ఆసు.

తెరిచి పడిన మొదటి ముక్కా ఆసే.

పందెం పెంచితే ఇద్దరూ భయపడి ముక్కలు పడేస్తారేమోనని ఒక్క పుల్లే వేశాడు. తర్వాతి ముక్కకీ ఒక్కటే. గంగులు పడేశాడు. పెద్దాయన మాత్రం ఏడు, నాలుగు, తొమ్మిది తెరుచుకుని, చేతిలో ఏమీ లేనట్టే కనబడుతూ, చవగ్గా వెంట వస్తూనే ఉన్నాడు.

ఆఖరి ముక్క. పెద్దాయనకి ఇంకో తొమ్మిది పడింది.

తొమ్మిదుల జత. అయినా ఆసుల జతే పెద్దది.

"పుల్లలొద్దు," అన్నాడు పెద్దాయన. "తాళాలు పెడదాం."

జేబులోంచి తుప్పు పట్టిన బండి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. దానికి నల్లదారం కట్టి ఉంది.

"నీ బండేది?"

"ఉన్నాదిలే. బయమైతే పడెయ్యి."

దేవేంద్ర తన తాళం తీసి దాని పక్కన కొట్టాడు. మూసిన ఆసు తిప్పాడు.

పెద్దాయన మూసిన ముక్క తిప్పాడు. ఏడు.

ఏడుల జత, తొమ్మిదుల జత. ఒక్క ఆసుల జత మీద రెండు జతలదే గెలుపు.

"ఆసుల మీద అంత మెల్లగా ఎవుడాడతాడురా!" గంగులు నుదురు కొట్టుకున్నాడు. "మొదట్లోనే గట్టిగా పెంచుంటే ఈయన పడేసీవోడు కదా!"

పెద్దాయన రెండు తాళాలూ జేబులో వేసుకున్నాడు.

"తాళమియ్యి," దేవేంద్ర లేచాడు.

"గెలుసుకున్నాను."

"మోసం సేసినావు! ఆ ఏడు నీ చేతిలోది కాదు!"

"మోసమే అనుకో."

దేవేంద్ర ఆయన చొక్కా పట్టుకుని గుంజాడు. గుండీలు తెగి బురదలో పడ్డాయి. చెంప మీద కొట్టాడు కూడా. పెద్దాయన జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. గంగులు వచ్చి విడదీశాడు.

అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంది. నడిచి దాటినా, రోడ్డు మునిగిందని అటు బస్సులు రావడం లేదు. దేవేంద్ర బోనులో పడ్డవాడిలా కొట్టులో అటూ ఇటూ తిరిగాడు, బూతులు తిట్టాడు, చివరికి హాల్‌టికెట్ మోకాళ్ల మీద పెట్టుకుని కూలబడ్డాడు. రాజాంలో గేటు మూసేసే వేళ అయింది. దాటింది కూడా.

వాన ఆగి, గెడ్డలో నీరు తగ్గడం మొదలైంది.

పెద్దాయన లేచి దేవేంద్ర తాళాన్ని దానమ్మ చేతిలో పెట్టాడు. తెగిన గుండీల చొక్కాని చేత్తో దగ్గరికి పట్టుకుని గట్టు వెంట వెళ్లిపోయాడు.

దేవేంద్ర తాళం లాక్కుని బండి తీశాడు. పరీక్ష పోయింది, ఇంకెక్కడికి వెళ్లాలో తెలీదు. అయినా ముందుకే పోనిచ్చాడు. కాజ్‌వే నడుమకి వెళ్లేసరికి బ్రేకు నొక్కాడు.

ముందు రోడ్డు లేదు. కాజ్‌వే కింది సిమెంటు గొట్టాలు కొట్టుకుపోయి, బండి పొడవంత గండి. పొద్దున్న ఎర్రనీళ్లు దాన్ని కప్పేశాయి.

దిగి, బండిని నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు.

"గండి పడిందని ఆయనకి తెలుసా పిన్నీ?"

"తెలవదు. ఎవులికీ తెలవదు."

"మరి నన్నెందుకు ఆపినాడు?"

"నిన్నే కాదు. గెడ్డ పొంగిన నాడల్లా పేక పట్టుకుని వస్తాడు. దాటుతానన్నోడి తాళం గెలుస్తాడు, తిట్లు తింటాడు, నీరు తీసినాక ఇచ్చేసి పోతాడు."

"వద్దని చెప్పొచ్చు కదా!"

"నాను సెప్పినాను. ఇన్నావా?"

దేవేంద్ర గట్టు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"అయితే ఆయన బండి తాళం... గెలిస్తే నిజంగా ఇచ్చేవాడా?"

దానమ్మ బురదలోంచి చొక్కా గుండీలు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది.

"ఆ బండిని పోయినేడు ఈ గెడ్డలోంచి తీసినారు బాబూ, దాని మీదెల్లిన ఆయన కొడుకు ఇంకా దొరకలేదు."