రాత్రి టైపు చేసిన పేర్లు

రెండువేల మూడు చలికాలంలో అరకు కొండమీది ఓ చిన్న ఆసుపత్రిలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. కరెంటు రాత్రిపూటే నిలకడగా ఉండేది. అందుకే, పోయినవాళ్ళ పేర్లు డేటాబేస్‌లోంచి తీసేసే పని చీకటి పడ్డాక పెట్టుకున్నాను.

"సచ్చినోల్ల పేర్లు రేత్రేల ఎత్తకు బాబూ," అన్నాడు వాచ్‌మన్ సోంబరు. ఆ ఏటి వానల్లో దగ్గి దగ్గి పోయినవాళ్ళలో అతని భార్య సుక్రి కూడా ఉంది.

"ఎత్తడం లేదు, టైపు చేస్తున్నాను," అన్నాను. అతను బయటికెళ్ళి నెగడు దగ్గర కూర్చున్నాడు.

పేర్లన్నీ వరసగా తీసుకునే కమాండ్ రాసి ఎంటర్ నొక్కాక నా తప్పు కనబడింది. పేరుకి అటూ ఇటూ మామూలు కోట్ గుర్తుకు బదులు, వెనక్కి వాలిన గుర్తు పెట్టాను. ఆ గుర్తుల మధ్య ఏముంటే దాన్ని కంప్యూటర్ పేరనుకోదు. కమాండ్ అనుకుని పిలుస్తుంది. అలాంటి కమాండ్ లేదని వెంటనే ఎర్రర్ రావాలి.

రాలేదు. మొదటి పేరు బుద్రి. దాని పక్కన కర్సర్ ఊరికే మిణుకుమంటోంది.

సోంబరు తలుపు తోసుకుని వచ్చాడు. "బుద్రిని పిలిసినావేటి బాబూ? మంట కాడ కూకుంది. నువ్వే పిలిసినావంటంది."

తెర మీదికి రెండో పేరు వచ్చింది. సుక్రి.

ఆపేద్దామని కీబోర్డు మీదికి చెయ్యి పోనిచ్చాను. బయట ఎవరో దగ్గారు. పొడి దగ్గు, ఆగి ఆగి వస్తోంది.

సోంబరు తెర వైపు చూడలేదు. తలుపు వైపే చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపకు బాబూ."