రెండో గ్లాసు

బెంగాల్లోని గార్డెన్ రీచ్ ఘాట్ దగ్గర, గవరయ్య టీ కొట్టు బెంచీ మీద జీవరత్నం కూర్చుని ఉన్నాడు.

చేతిలో కచోరీ. పక్కన ఆకులో జిలేబీలు. భార్య యూనిస్ ఆస్పత్రిలో పోయినప్పటి నుంచి అతని పొద్దుటి తిండి అదే.

ఓడల యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు కుడికన్ను మసక. షుగరు ఇలాగే ఉంటే రెండో కన్నూ నిలవదని డాక్టరు చెప్పేశాడు.

"నమస్కారం, దాదా."

ఎదురుగా ఓ బెంగాలీ ముసలాయన. ఉతికిన తెల్ల లాల్చీ, భుజాన గుడ్డసంచీ.

అడక్కుండానే పక్కన కూర్చున్నాడు. సంచీలోంచి ఫ్లాస్కు తీశాడు. రెండు స్టీలు గ్లాసులు తీశాడు. రెండింట్లోనూ మట్టిరంగు జావ ఏదో పోశాడు.

"ఆ జిలేబీ వదిలేయండి. ఇది తాగండి. తాగాక అలా నది ఒడ్డున కాసేపు నడుద్దాం."

జీవరత్నం గ్లాసు వైపు చూశాడు.

"డబ్బా ఎంత?"

"ఏ డబ్బా?"

"ఈ పొడి డబ్బా."

"అమ్మడానికి కాదు, దాదా."

"మొదట అందరూ అలాగే అంటారు."

కిందటేడు వాడలోకి ఇలాగే ఒకడు వచ్చాడు. పొడి కలుపుకొని తాగితే షుగరు పోతుందన్నాడు. తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటిలోకీ డబ్బాలు చేరాయి. యూనిస్ ఒక్కతే కొనలేదు. "మనింట్లో లేనిది ఆ డబ్బాలో ఏటుంది?" అంది.

జీవరత్నం గ్లాసు ముట్టుకోలేదు.

ముసలాయన రెండు గ్లాసుల జావనూ తిరిగి ఫ్లాస్కులో పోసుకొని, మూత బిగించి వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతా మానలేదు.

"ఏటి బావా, మీ ఏజెంటు ఇంకా రానేదేటి?" అని గవరయ్య ఏడిపించడం మొదలుపెట్టాడు.

ముసలాయన ఏమీ పట్టించుకునేవాడు కాదు.

"రాత్రి ఏం తిన్నారు, దాదా?"

"అన్నం."

"ఎండుచేపతోనా? ఉప్పు తగ్గించండి. తినగానే మంచమెక్కేస్తారట కదా. కాసేపు వాకిట్లో అయినా తిరగండి."

"ఎవరు చెప్పారు మీకు?"

ముసలాయన ఫ్లాస్కు సంచీలో పెట్టుకొని లేచాడు.

ఆయన వెళ్ళాక జీవరత్నం గవరయ్య మీద విరుచుకుపడ్డాడు.

"నా ఇంటి సంగతులు ఆయనకెందుకు సెప్పినావురా?"

"నానా? నాకొచ్చిన బెంగాలీ టీ అమ్ముకోడానికే సాల్దు. నానేటి సెప్తాను బావా?"

జీవరత్నం నమ్మలేదు. మళ్ళీ అడగడానికి కూడా ఓపిక లేదు.

వానపడుతున్న ఒక ఉదయం ముసలాయన గొడుగు పట్టుకొని వచ్చాడు. ఎప్పటిలాగే రెండు గ్లాసులు నింపాడు. కొంచెం బెంచీ మీద ఒలికింది.

"ఈ ఒక్కరోజు తాగండి, దాదా."

"మీరు తాగండి."

"మీరు తాగితే తాగుతాను."

జీవరత్నం లేచి నిలబడ్డాడు.

"చూడండి. నా భార్య పోయింది. వండిపెట్టేవాళ్ళు లేరని ఎవరో చెబితే వచ్చి నా వెంట పడ్డారు. నాకు మీ పొడీ వద్దు, మీ నడకా వద్దు. ఇక రాకండి."

ముసలాయన ఫ్లాస్కు మూత తీశాడు.

"సరే, దాదా."

గ్లాసులు ఫ్లాస్కులోకి వంచుకొని, వానలోనే వెళ్ళిపోయాడు. గొడుగు బెంచీకి ఆనించినది అలాగే మరిచిపోయాడు.

తర్వాత రాలేదు.

గవరయ్య ఏడిపించడం మానేశాడు. బెంచీ రెండో వైపు ఖాళీగా ఉండేది. జీవరత్నం అటు చూడకుండా కచోరీ తినేవాడు.

వానలు తగ్గాక, ఒకావిడ కొట్టు దగ్గరికి వచ్చింది. భుజాన అదే గుడ్డసంచీ.

"బాబా గొడుగు ఇక్కడుందా?"

ముసలాయన కూతురన్నమాట. గవరయ్య లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు.

"ఆయన రావడం లేదేం?" అన్నాడు జీవరత్నం.

"పోయారు, కాకూ. గుండె. అప్పటికే బాగా నీరసపడిపోయారు."

జీవరత్నం చేతిలోని కచోరీ ఆకులో పెట్టేశాడు.

ఆమె సంచీలోంచి ఫ్లాస్కు తీసింది. ఒక గ్లాసు నింపి అతనికి అందించింది.

"ఒక్కసారైనా మీచేత తాగించాలని బాబా కోరిక. అందుకే చేసి తెచ్చాను."

తండ్రిని పోగొట్టుకున్న పిల్ల. కాదనలేకపోయాడు.

ఒక గుక్క తాగాడు.

చోడంబలి. రాగిపిండి అంబలి.

పుల్లటి మజ్జిగ. నలిపిన చిన్న ఉల్లిపాయ. అడుగున వాము ఘాటు. అంబలిలో వాము వేసే మనిషిని అతను ఒక్కరినే ఎరుగును.

"ఇది మీవాళ్ళు చేసుకునేది కాదు కదమ్మా. మీకెవరు నేర్పారు?"

"ఆస్పత్రిలో మా అమ్మ పక్కమంచం మీద తెలుగు మాసీ ఒకావిడ ఉండేది. మీరు సాయంత్రాలు వచ్చేవారట, బాబా పొద్దున్నే వచ్చేవారు. ఆవిడ చెప్పి చెప్పి బాబాకి నేర్పింది. ఏక్‌బాల్‌పూర్‌లో మీవాళ్ళ దుకాణం చూపించి పిండి కూడా కొనిపించింది."

జీవరత్నం గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"'నా పేరెత్తితే ఆయన ఏడుస్తాడు, తినడు, చెప్పొద్దు' అందట మాసీ. తాము పోయాక ఒంటరిగా మీరూ, బాబా తినరని మాసీకీ, మా అమ్మకీ ఒకటే బెంగ. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని తాగాలని బాబా దగ్గర మాట తీసుకున్నారు."

ఆమె సంచీలో మిగిలిన ఖాళీ గ్లాసును సర్దుకుంది.

"మీరు తాగలేదని, కాకూ, బాబా కూడా రోజూ ఏమీ ముట్టకుండానే ఇంటికి వచ్చేవారు."