గోడ మీద గీత

"అసిస్టెంట్లు చూపిస్తే నాకు ఎక్కదు. మాస్టర్ గారినే చేసి చూపించమనండి," అన్నాడు హీరో రవిచంద్ర, కుర్చీలోంచి లేవకుండానే.

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో అరవైమంది డాన్సర్లు ఒక్కసారిగా సత్యలక్ష్మి వైపు తిరిగారు. ఈ పాటకి డాన్స్ మాస్టర్ ఆవిడే, చేసి చూపించాల్సిందీ ఆవిడే. కాకపోతే ఆవిడ కుడిచెయ్యి పైకి లేవక నాలుగు నెలలైంది.

యూనిట్లో ఈ సంగతి అసిస్టెంట్ నవతకి ఒక్కదానికే తెలుసు. పొద్దున్నే మాస్టర్‌కి జడ వేసేదీ, సెట్లో స్టెప్పులు వేసి చూపించేదీ ఆ బోరబండ పిల్లే. సత్యలక్ష్మి మైకు పట్టుకుని "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అంటూ నెట్టుకొస్తోంది. భుజం బిగుసుకుపోయిందన్న మాట ఈ పేటలో పొక్కిందంటే ఇంక అంతే సంగతులు. చెయ్యి లేవని మాస్టర్‌ని పాటకి ఎవరు పిలుస్తారు?

పొద్దుట్నుంచీ మూడు స్టెప్పులు వేయించింది. మూడూ ఆయనగారికి నచ్చలేదు. తల మీద చప్పట్లు కొట్టే స్టెప్పు పాతగా ఉందన్నాడు. తలపాగా గిరగిరా తిప్పేది కుర్రాళ్ళకి బాగుంటుందన్నాడు. ఆకాశంలోకి చెయ్యెత్తి పిలిచేది వేయిస్తుంటే ఫోన్ చూసుకున్నాడు.

యాభై దాటినా దర్జాకి మాత్రం లోటు లేదు మహానుభావుడికి. కోటు ఇద్దరు తొడగాలి. తల ఇంకొకరు దువ్వాలి. చేతులు అరిగిపోతాయి కాబోలు అని సత్యలక్ష్మి పొద్దుట్నుంచీ లోపల్లోపల తిట్టుకుంటూనే ఉంది.

డైరెక్టర్ శ్రీకృష్ణ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఏమీ అనుకోకండి. లంచ్‌లోపు స్టెప్ ఓకే కాకపోతే ముంబై మాస్టర్‌కి టికెట్ వేయమన్నారు ప్రొడ్యూసర్ గారు. ఆయన అడుగుతున్నారు కదా, ఒకసారి చేసేయండి. పోయేదేముంది?"

పోయేదేముందో ఈయనకేం తెలుసు.

"మాస్టర్, కడుపునొప్పి అని చెప్పి పోయి కార్ల కూసోండి," నవత చెవిలో గొణిగింది. "గీడ నేను ఏదో ఒకటి చేస్త."

"ఎన్నాళ్ళే దాక్కోవడం?" అంటూ సత్యలక్ష్మి మైకు దాని చేతిలో పెట్టి ఫ్లోర్ మధ్యకి నడిచింది.

పాట మొదలైంది. ఏం చెయ్యాలో ఆవిడకి నిజంగా తెలీదు. కాళ్ళు తాళం అందుకున్నాయి గానీ చెయ్యి మొండికేసింది. ఎనిమిది లెక్కలు గడిచాయి. పదహారు గడిచాయి. అప్పుడు, ఏమీ తోచని ఆ చెయ్యి, రోజూ పొద్దున్నే చేసే పని మొదలుపెట్టింది.

జూబ్లీ హిల్స్‌లో ఫిజియోథెరపీ చేసే పుష్పవల్లి పెట్టిన పని అది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని సాలీడులా ఒక్కో అడుగూ పైకి ఎక్కించాలి. "గుంజొద్దమ్మా. నొప్పి షురూ అయిన కాడ ఆగి పెన్సిల్‌తోటి గీత గియ్యి. రేపు గోరంత పైకి పోతవు. ఒక్క రోజు గూడ మానొద్దు," అని మరీ మరీ చెప్పింది. సత్యలక్ష్మి పడగ్గది గోడ మీద ఇప్పుడు అన్నీ గీతలే. మొన్ననే గీత స్విచ్‌బోర్డు దాటితే పండగ చేసుకుంది.

ఇక్కడ గోడ లేదు. అయినా ఉన్నట్టే గాలిలో వేళ్ళు ఎక్కసాగాయి. డప్పు దెబ్బకో అడుగు. గడ్డం దాకా వచ్చేసరికి నొప్పి పట్టేసింది. ఆగింది. ఆగిన చోటే నడుము ఒక్క విసురు విసిరి, పట్టు జారినట్టు చెయ్యి వదిలేసి మోకాళ్ళ మీద ఊగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. మూడోసారికి భయం పోయింది. ఆవిడ పెదవుల మీదికి నవ్వొచ్చింది.

పాట ఆగింది.

రవిచంద్ర కుర్చీలోంచి లేచాడు. గబగబా వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. వేళ్ళు గాలిలో ఎక్కించాడు, గడ్డం దగ్గర ఆగాడు, నడుము విసిరాడు, జారాడు. అచ్చు దించేశాడు.

"స్టెప్పంటే ఇదీ. కెమెరా పెట్టండి," అన్నాడు.

ఒక్కటే టేకు. కట్ చెప్పకముందే డాన్సర్ల ఈలలతో ఫ్లోర్ దద్దరిల్లిపోయింది. పైన లైట్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా గాలిలో వేళ్ళు ఎక్కించేస్తున్నారు. శ్రీకృష్ణ పరుగున వచ్చి, ముంబై టికెట్ మాట మర్చిపోమన్నాడు. మిగిలిన రెండు పాటలూ ఆవిడే చెయ్యాలని ప్రొడ్యూసర్ గారి మాటగా చెప్పాడు.

"మస్తు చేసిన్రు మాస్టర్," అంటూ నవత కళ్ళు తుడుచుకుంది.

సత్యలక్ష్మికి ఒళ్ళంతా తేలికైపోయింది. చెయ్యి లేవకుండానే గెలిచింది. ఆ సంతోషంలో భుజం నొప్పి కూడా ముద్దొచ్చింది.

"మాస్టర్, ఒక్క నిమిషం," రవిచంద్ర కారవాన్ మెట్ల మీంచి పిలిచాడు.

వెళ్ళింది. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ కళ్ళతోనే పంపించేసి అడిగాడు. "ఆ స్టెప్పు ఎక్కడిది?"

"నాదేనండీ. అప్పటికప్పుడు తోచింది," అంది. కనిపెట్టేశాడా?

"నా దగ్గర కూడానా?" నవ్వాడాయన. ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఎడమచేత్తో కుడిభుజం మెల్లగా నిమురుకుంటూ గొంతు బాగా తగ్గించాడు.

"మీ గీత ఎందాకా వచ్చింది మాస్టర్? నాది ఆర్నెల్ల నుంచీ స్విచ్‌బోర్డు కిందే ఉండిపోయింది."