రెండు తీగెలు

"ఆ తీగె తీస్తవా, లేదా?" రేడియో ముందు నుంచి లేవకుండానే రఘుపతి పంతులు కిటికీలోంచి పక్కింటి మారెమ్మను అడిగాడు.

అది ఆయన స్వయంగా బిగించుకున్న రేడియో; గొంతు పట్టే ఏరియల్ తీగెను గోడ అవతల వెదురుబొంగుకు కట్టాడు. పొద్దున రెండు విమానాలు భువనగిరి దిక్కు పోయాయి. రజాకార్ల పని అయిపోయిందనీ, పొద్దుగూకే వేళకు హైదరాబాదు నుంచి పెద్ద మాట చెప్తారనీ తిరుమలగిరి అంతా అనుకుంటోంది. వినడానికి అరుగు మీద ఇరవై మంది చేరారు. తీరా గొంతు మొదలయ్యేసరికి ఒకటే గరగర.

"బట్టలు పచ్చిగున్నయ్ పంతులూ, జర ఆగు," అంది గోడ అవతల నుంచి మారెమ్మ. "నా సైదులు ముచ్చట గూడ చెప్తరేమో." ఆమె కొడుకు సైదులును జైల్లో వేసి ఏడు నెలలు.

"అందుకే తియ్యమంటున్న. రెండు తీగెలు పక్కపక్కన ఉంటే ఒకదాని గొంతు ఇంకోటి మింగుతది. నువ్వు బట్టలు ఆరేసినప్పుడల్లా గిదే గరగర. నేను చూస్తలేనా?"

"అది కాదు పంతులూ, నీ తీగె..."

"నా తీగె సంగతి నువ్వు నాకు చెప్తవా? పుస్తకంల రాసున్నది."

అరుగు మీద ఎవరో నవ్వారు. మారెమ్మ మళ్లీ బట్టల దిక్కు తిరిగింది.

"జంగయ్యా, పోయి తెంపు."

అరుగు మీదున్న జంగయ్య కొడవలి పట్టుకొని గోడ దూకాడు. గరగర మధ్య నుంచి "జైళ్లలో ఉన్న ఖైదీలను..." అని వినబడింది. అరుగు మీద అందరూ ముందుకు వంగారు. అప్పుడే జంగయ్య మారెమ్మ గుంజ దగ్గర తీగె కోసేశాడు. తీగెతో పాటు ఆమె చీర, కొడుకు వస్తే తొడుగుతాడని ఉతికిన అంగీ బురదలో పడ్డాయి.

గరగర ఆగింది.

"చూసిండ్రా?" అన్నాడు పంతులు.

గొంతు కూడా ఆగింది.

పంతులు మర తిప్పాడు. బ్యాటరీ తట్టాడు. ఇరవై మంది ఆయననే చూస్తున్నారు. చివరికి లేచి, చెప్పులు మరిచి, గోడ అవతలికి పోయాడు. తాను పాతిన వెదురుబొంగుకు జానెడు తీగె ముక్క వేలాడుతోంది. 

మారెమ్మ అంగీకి అంటిన బురద తుడుస్తూ, ఆయన దిక్కు చూడకుండా అంది.

"నీ తీగె మొన్నటి గాలివానకే తెగింది పంతులూ. ఊరోళ్లు వార్తలు ఇంటున్నరు గదా అని దాని కొస నా దండేనికి ముడేసిన. అప్పటిసంది నీ రేడియో దీని మీదనే మాట్లాడుతాంది."