తిరుగు సద్ది

నా భార్య చంద్రావతి చనిపోయాక పంజగుట్ట ఇంట్లో నాకు నిద్ర లేదు. అనంతగిరి కొండమీద, అడవిలో ఉన్న పాత గుడిసెలో ఒక రాత్రి గడపాలని సంచి సర్దుకున్నాను. వికారాబాదు రైలు అందుకోవడానికి జట్కా కూడా మాట్లాడాను.

ఆమె తమ్ముడు రాజనర్సు అమీర్‌పేట నుంచి పొద్దున్నే వచ్చాడు.

"మల్ల ఎప్పుడొస్తవ్ బావా?"

అదే మాట పదేపదే అడిగాడు. ఇల్లు ఎంతసేపు ఖాళీగా ఉంటుందో తెలుసుకోవడానికేమో అనిపించింది.

నేను స్నానం చేసి వచ్చేసరికి నా సంచి విప్పి వెతుకుతున్నాడు. సంచి అడుగున చంద్రావతి మెడలో వేసుకునే బంగారు గుండ్లపేరు ఉంది.

"ఏం దేవులాడుతున్నవ్?"

"కప్పుకోను చెద్దరు పెట్టుకున్నవో లేదో అని..."

"గుండ్లపేరు కావాల్నంటే నోరు తెరిచి అడుగొచ్చు గదా!"

అతను దాన్ని ముట్టుకోలేదు. జొన్నరొట్టెల మూట తీసి నా ముందు పెట్టాడు.

"నువ్వు యాడికన్న పోతే అక్క రెండు సద్దులు గట్టేది. పోయేటప్పుడు తినెతందుకు ఒకటి, వచ్చేటప్పుడు తినెతందుకు ఒకటి. నువ్వు ఒక్కటే గట్టుకున్నవ్ బావా."

తిరిగి రావాలని నేను సర్దుకోలేదని అతను కనిపెట్టాడు.

"రెండోది నేను జేస్త. పిండి ఏడున్నది?"

చంద్రావతి పెట్టిన చోటే ఉన్న డబ్బాను చూపించాను.