‘బాగానే ఉంది’ అనకూడదు

“నొప్పి ఎలా ఉంది పెద్దాయనా?” డాక్టరమ్మ గొంతు పెట్టి అడిగింది లొరీన్.

“పర్లేదు, బాగానే ఉంది,” అన్నాడు ఆమె మొగుడు వెర్లిన్.

లొరీన్ చేతిలో గరిట బల్ల మీద పెట్టి గుర్రుగా చూసింది. “ఆ మాటే అనొద్దని చెప్పానా? పోయినసారి ఆవిడ దగ్గర ఇదే కూసి వచ్చావు. బాగున్నవాడికి గంజాయి కార్డు దేనికయ్యా అని ఆవిడ తిప్పి పంపింది.”

“ఉన్నమాట చెప్పాను.”

“ఉన్నమాట చెప్తే పనులు జరగవు. మళ్ళీ మొదలుపెట్టు.”

అమెరికాలోని ఓక్లహోమాలో గంజాయిని మందుగా కొనుక్కునే కార్డు కావాలంటే ఫలానా జబ్బే ఉండాలన్న జాబితా ఏదీ లేదు. డాక్టరుకి నమ్మకం కుదిరితే సంతకం పెడతారు, లేకపోతే లేదు. అంతా డాక్టరు విచక్షణ. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ, పశువుల మధ్య పుట్టి పెరిగిన అక్కడి వాళ్ళ నోట ‘నొప్పి’ అన్న మాట రప్పించడం కన్నా పొగరుబోతు కోడెను పడగొట్టడం తేలిక. కాలు విరిగి వేలాడుతున్నా ‘ఏం ఫర్వాలేదు’ అంటారు. ఆడా మగా అందరిదీ ఒకటే తీరు. దానికి తోడు వెర్లిన్ చర్చిలో పెద్దమనిషి. అబద్ధం ఆడబోతే నోటికన్నా ముందు చెవులు ఎర్రబడి పట్టించేస్తాయి.

“గుర్రం మీంచి పడ్డావు కదా, ఆ నడుం చూపించు. లేచేటప్పుడు కాస్త మూలుగు.”

వెర్లిన్ మూలిగాడు.

“ఆవు ఈనుతున్నట్టుంది. కొంచెం తగ్గించు.”

“అది ఎప్పుడో మానిపోయింది లొరీన్.”

“నువ్వు అలాగే అంటావు. కార్డు ఒక్కటి తెచ్చుకో చాలు, మిగతాది నేను చూసుకుంటాను.”

వెర్లిన్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ ఇంట్లో కంటినిండా నిద్ర అన్నది ఎప్పుడో పోయింది. మందుల షాపులో దొరికే మాత్రలూ పూతలూ అన్నీ వాడి పారేశారు. ఈ కార్డు కూడా రాకపోతే ఇక పట్టుకోవడానికి ఏమీ లేదు. అది చేతికి వచ్చేదాకా క్లినిక్ గడప దాటి బయటికి రాకూడదని గట్టిగా అనుకుని టోపీ అందుకున్నాడు.

“పద. ఈసారి చెప్తాను,” అన్నాడు.

డాక్టర్ హోల్కమ్ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చేతులు కట్టుకుంది. “మళ్ళీ వచ్చారా వెర్లిన్ గారూ. ఈసారి నొప్పి ఉందా, ఇంకా బాగానే ఉందా?”

లొరీన్ మోచేత్తో మొగుడి డొక్కలో పొడిచింది.

వెర్లిన్ టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “రాత్రిపూట దుప్పటి అంచు పాదాలకు తగిలితే చాలు డాక్టరమ్మా, నిప్పు అంటుకున్నట్టు మంట.”

లొరీన్ చటుక్కున తల తిప్పింది. ఆమె నేర్పింది నడుం పాఠం. పాదాల ఊసు అందులో ఎక్కడా లేదు.

“అందుకని దుప్పట్లోంచి కాళ్ళు బయటపెట్టి పడుకోవడం. అదీ కుదరకపోతే లేచిపోయి, స్నానాల గదిలో తొట్టి అంచున కూర్చుని పాదాల మీద చన్నీళ్ళు పడనివ్వడం. చప్పుడు కాకుండా కొళాయి సన్నగా తిప్పి.”

“ఎంతసేపు?”

“ఒక్కోసారి తెల్లారేదాకా.”

“చేతులు ఎలా ఉన్నాయి?”

“కాఫీ కప్పు సగానికే నింపుకోవడం. నిండా పోస్తే ఒలుకుతుంది, ఒలికితే ఎవరో ఒకరు చూస్తారు. చర్చిలో ప్రార్థనకి లేచినప్పుడు ముందు బెంచీ గట్టిగా పట్టుకుని నిలబడటం. చూసినవాళ్ళు భక్తి ముదిరిందనుకుంటారు.”

“వెర్లిన్, ఇంక చాల్లే,” అంది లొరీన్ సన్నగా.

“నోరు తెరిచి చెప్పమన్నది నువ్వే కదే. చెప్పనీ.”

డాక్టర్ కట్టుకున్న చేతులు విప్పింది. “ఇంత బాధ పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?”

“చెప్తే చులకనైపోతామని మావాళ్ళకి భయం. పక్కన పడుకున్న మనిషికి తెలియదులే అనుకుంటారు. తెలుస్తుంది డాక్టరమ్మా. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నా ఆ కొళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.”

లొరీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి ఒళ్ళోని చేతిసంచిలోకి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది.

“రోజంతా నా ముందు కూర్చుని అందరూ మూలుగుతారు,” అంది డాక్టర్. “ఎవరిని నమ్మాలో, ఎవరిని వద్దో తేల్చుకోలేక తల పగిలిపోతుంది. ఇప్పుడు ఆ ఇబ్బందేమీ లేదు. కార్డుకి నేను సంతకం పెడుతున్నాను.”

వెర్లిన్ ఛాతీ పొంగింది. కుర్రతనంలో రోడియో పోటీల్లో కోడెల్ని పడగొట్టి వెండి బిళ్ళలు గెలిచినప్పుడు కూడా ఇంత గొప్పగా అనిపించలేదు. పైగా మొదటినుంచి చివరిదాకా ఒక్క అబద్ధమూ ఆడలేదు. చేత్తో చెవులు తడిమి చూసుకున్నాడు, చల్లగానే ఉన్నాయి.

డాక్టర్ తన స్టూలు ముందుకు జరుపుకుంది. “సంతకానికి ముందు పాదాలు ఒకసారి చూడాలి. బూట్లు విప్పండి.”

వెర్లిన్ కదల్లేదు. టోపీ అంచు పట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

లొరీన్ వంగి తన బూట్లు విప్పింది.