బార్లీ వేడి

విజయవాడలో ఇంటి వేడిని వీధిలోకి వదలడం నేరమై చాలా ఏళ్ళయింది. దాన్ని పొరుగువాళ్ళెవరైనా పుచ్చుకోవాలి. వంటకు తప్ప పొయ్యి వెలిగించకూడదు. బార్లీ కాచడం వంట కిందే లెక్క, స్నానానికి నీళ్ళు కాచడం మాత్రం కాదు.

శోభనాచలం ఇంట్లోనే బీరు చేసుకుంటాడు. మరిగిన బార్లీ కషాయాన్ని త్వరగా చల్లార్చకపోతే పాడైపోతుంది. అందుకని డేక్సాలోకి రాగి గొట్టం చుట్ట దించి, దాని గుండా చన్నీళ్ళు పారిస్తాడు. వేడెక్కి బయటికొచ్చే ఆ నీళ్ళను తీసుకునేవాళ్ళు లేక కిందటిసారి కాచిందంతా పులిసిపోయింది. ఎదురింటి భ్రమరాంబ అయితే సారా కంపు కొడుతోందని అసోసియేషన్‌లో ఫిర్యాదు కూడా చేసింది. ఆమె భర్త తాగి తాగి పోయాడు.

ఈసారి డేక్సా మరుగుతుండగా ఆవిడే తలుపు తట్టింది.

"మా అమ్మాయికి పురుడైంది బాబూ. బాలింతకి చన్నీళ్ళు ఎట్టా పోసేది? ఆ వేడినీళ్ళేవో మా గంగాళంలోకి వదులు."

"కషాయం వాటిలో కలవదు పిన్నిగారూ. గొట్టంలో పారేవి ఉత్త నీళ్ళే."

ఆమె గొట్టం చివర కారే నీళ్ళు చెంబుతో పట్టి వాసన చూసింది. గంగాళం తెచ్చి గొట్టం కింద పెట్టింది.

అటు గంగాళం నిండింది, ఇటు కషాయం చల్లబడింది. శోభనాచలం ఈస్టు చల్లి మూత బిగించాడు. ఇక నెల దాకా కాచే పని లేదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ తలుపు చప్పుడైంది. భ్రమరాంబ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. చంకలో బార్లీ మూట.

"తొందరగా కాయి," అంది. "బిడ్డకి నీళ్ళు పోసే వేళయింది."